ఫారం 26లో గడి లేని ఆదాయం

2024 ఏప్రిల్ మూడో వారం. డెల్టాలో దాళ్వా (రబీ వరి) కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. చేలల్లో కోత మిషన్లు, రోడ్ల పక్కన బరకాల మీద ధాన్యం. ఆ వారంలోనే నామినేషన్లు మొదలయ్యాయి. కోనసీమలో ఒక రిటర్నింగ్ అధికారి కార్యాలయం ముందు నోటీసు బోర్డు మీద అభ్యర్థుల అఫిడవిట్లు అంటించి ఉంటే నిలబడి రాసుకుంటున్నాను. పక్కకు ఒక రైతు వచ్చాడు. చొక్కా మీద ఇంకా ఊక ఉంది. స్థిరాస్తుల పేజీ మీద వేలు పెట్టి సర్వే నంబర్లు ఒక్కొక్కటే చదువుతూ ఒక చోట ఆగాడు.

‘ఆయ్, ఇది మా ఊరి నంబరేనండి. ఈ చేను చేసేది నేనే. ఏడేళ్లయింది’ అన్నాడు. కాసేపు పేజీ అంతా వెతికి, ‘మేం కొలిచే కౌలు బస్తాలు ఇందులో ఎక్కడ రాశారండీ?’ అని అడిగాడు.

నేనూ వెతికాను. ఎక్కడా లేదు. ఆదాయ వనరు అన్న చోట ‘వ్యవసాయం’ అని ఒక్క మాట ఉంది, దాని పక్కన అంకె లేదు. అది ఆ అభ్యర్థి దాచిన సంగతి కాదు. అభ్యర్థులు నింపే ఈ అఫిడవిట్ నమూనా పేరు ఫారం 26. ఆ అంకె రాయడానికి అందులో గడే లేదు. నాయకుల సొంత పన్నుల మీద ఎప్పుడు చర్చ వచ్చినా అది దాడులు, నోటీసులు, కక్షసాధింపు ఆరోపణల చుట్టూ తిరిగి చల్లారిపోతుంది. ఈ లేని గడి గురించి మాత్రం ఎవరూ అడగరు. డెల్టాలో ఉండేవాళ్లం కాబట్టి మనమైనా అడగాలి.

దీని మొదలు 1860లో ఉంది. సిపాయిల తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయితే, బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దేశంలో మొదటిసారి ఆదాయపు పన్ను తెచ్చాడు. గోదావరి జిల్లా ఏర్పడి అప్పటికి ఏడాది, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఎనిమిదేళ్లు. ఆ పన్నును బాహాటంగా ఎదిరించినవాడు మన మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియనే. తన అభ్యంతరాలను పత్రికలకెక్కించినందుకు ఆయన్ను వెనక్కి పిలిపించేశారు. ఆ మొదటి పన్ను వ్యవసాయ ఆదాయాన్ని కూడా వదల్లేదు. అయిదేళ్లకు అది రద్దయింది. 1886లో మళ్లీ పక్కాగా చట్టం చేసినప్పుడు భూమి మీద వచ్చే రాబడిని మినహాయించారు. రైతు ఎలాగూ శిస్తు కడుతున్నాడు, ఒకే రాబడి మీద రెండు పన్నులు ఎందుకన్నది అప్పటి వాదన.

ఆ వాదనకు అప్పుడు బలం ఉంది. శిస్తు తేలికైనదేమీ కాదు. 1920ల చివర గోదావరి, కృష్ణా డెల్టాల్లో రీసెటిల్‌మెంటు (శిస్తును తిరిగి నిర్ణయించడం) పేరుతో దాన్ని రూపాయికి మూడణాల చొప్పున, అంటే 18.75 శాతం పెంచబోతే ఊళ్లకు ఊళ్లు ఉద్యమించాయి. కానీ అప్పటికే, 1925లో, పన్నుల విచారణ కమిటీ ఈ మినహాయింపుకు చరిత్రలో గానీ సిద్ధాంతంలో గానీ ఆధారం లేదని రాసేసింది. 1935 భారత ప్రభుత్వ చట్టం వ్యవసాయ ఆదాయాన్ని రాష్ట్రాల చేతికిచ్చింది. రాజ్యాంగమూ అదే దారిన నడిచింది. కొన్ని రాష్ట్రాలు, ముఖ్యంగా తోటలున్నవి, పన్ను వేశాయి. మన దగ్గర అది లేదు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వేయమని సూచిస్తే ఒక్క రాష్ట్రమూ ముందుకు రాలేదు. ఎమ్మెల్యేల్లో భూస్వాములు ఎందరో ఆ కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు.

శిస్తు మాత్రం కాలంతో పాటు కరిగిపోయింది. మిగిలింది నీటి తీరువా. 1990ల్లో పెట్టిన రేటు ప్రకారం ఎకరం సార్వా (ఖరీఫ్) వరికి 200 రూపాయలు, చేపల చెరువుకు 500. మినహాయింపుకు కారణమైన భారం పోయినా మినహాయింపు పోలేదు. 1961 చట్టంలో ఉన్నదే 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోకీ వచ్చింది.

ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. మూడెకరాల రైతు మీద పన్ను వేయమని నేను అనడం లేదు. 2011 సార్వాలో గిట్టుబాటు కాక కోనసీమ రైతులే పంట విరామం ప్రకటించి చేలు బీళ్లుగా వదిలేశారు. అలాంటి సేద్యంలో పన్నుకు మిగిలేది ఏముంటుంది? నా ప్రశ్న వేరు. చట్టం దృష్టిలో ‘వ్యవసాయ ఆదాయం’ అంటే దున్నినవాడి రాబడి ఒక్కటే కాదు. సాగుభూమి మీద వచ్చే కౌలు కూడా అదే. హైదరాబాదులో కాపురం ఉంటూ ఏటా రెండుసార్లు బస్తాల డబ్బు అందుకునే ఆసామికీ, మోకాలి లోతు బురదలో ఊడ్పులు ఊడ్పించే కౌలుదారుకీ వర్తించే మినహాయింపు ఒక్కటే. నష్టం వస్తే మాత్రం అది కౌలుదారు ఒక్కడిదే.

ఇక అఫిడవిట్ సంగతి. 2002 మే 2కు ముందు అభ్యర్థి ఆస్తి ఎంతో ఓటరుకు చెప్పాలన్న నియమమే లేదు. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ వేసిన కేసులో ఆ రోజు సుప్రీంకోర్టు, తెలుసుకోవడం ఓటరు హక్కని తేల్చింది. పార్టీలన్నీ కలిసి దాన్ని అడ్డుకునేందుకు ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టసవరణ తెచ్చాయి. 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణను కొట్టేసింది. గడులు ఖాళీగా వదిలేసే అలవాటుకు 2013 తీర్పు కళ్లెం వేసింది. 2018 ఫిబ్రవరిలో లోక్‌ప్రహరి కేసు తీర్పు ఆస్తులతో పాటు ఆదాయ వనరులు కూడా చెప్పాలంది. 2019 నుంచి అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్లు అందరి పాన్ నంబర్లూ, అయిదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన మొత్తం ఆదాయమూ రాయాలి.

ఇక్కడే అసలు చిక్కు. రిటర్నులో ‘మొత్తం ఆదాయం’ అంటే పన్ను పరిధిలోకి వచ్చేది. మినహాయింపు ఉన్న వ్యవసాయ ఆదాయం అందులో కలవదు. రిటర్నులో దానికి వేరే పట్టిక ఉంది. నికర వ్యవసాయ ఆదాయం ఏడాదికి అయిదు లక్షలు దాటితే భూమి ఏ జిల్లాలో ఉంది, పిన్ కోడ్ ఏమిటి, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా, అన్నీ ఆ పట్టికలో నింపాలి. అది ఆదాయపు పన్ను శాఖ చేతికి వెళ్తుంది. ఓటరు కళ్ల ముందుకు వచ్చే ఫారం 26లో మాత్రం ఆ పట్టిక లేదు. అందుకే ఏటా నాలుగైదు లక్షల ఆదాయం చూపిన వ్యక్తి ఆస్తి అయిదేళ్లలో కోట్లు పెరిగినా, మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి ‘వ్యవసాయం’ అన్న ఒక్క మాట సరిపోతోంది.

ఆ మాటను తూచడం అసాధ్యమేమీ కాదు. డెల్టాలో పెరిగిన ఎవరికైనా ఆ లెక్క వేళ్ల మీద వస్తుంది. బస్తా 75 కిలోలు. సార్వాకు ఎకరానికి 30, దాళ్వాకు 45 పండాయనుకుందాం. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300, అంటే బస్తా 1,725 రూపాయలు. రెండు పంటలకూ కలిపి కౌలు 30 బస్తాలు అనుకుంటే ఎకరానికి ఆసామికి వచ్చేది 51,750. పదెకరాలకు 5,17,500. ఇక 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం అయిదుగురి కుటుంబం ఉంచుకోగల మాగాణి నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు. రెండు పంటల డెల్టా భూమికి ఈ పరిమితి కింది అంచుకే దగ్గర. అయినా పూర్తిగా 27 ఎకరాలూ వేసుకుందాం: కౌలు ఏడాదికి 13,97,250 రూపాయలు. సొంతంగా చేసినా 75 బస్తాల చొప్పున ఖర్చులు తీయకముందు వచ్చేది 35 లక్షల లోపే. వరి మీదే కోటి వచ్చిందని ఎవరైనా అంటే ఆ మాట భూపరిమితి చట్టంతోనైనా తగవు పడాలి, కాటాతోనైనా తగవు పడాలి.

కొబ్బరి, అరటి, కోకో తోటల లెక్క వేరే ఉంటుంది. చెరువుల లెక్క మరీ వేరు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేలు చెరువులై చాలా కాలమైంది. భూమిని దున్ని, విత్తి పండించే మూల పనులు ఉంటేనే వ్యవసాయం అని 1957లోనే సుప్రీంకోర్టు రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో చెప్పింది. చేపలు, రొయ్యల పెంపకాన్ని పన్ను శాఖ వ్యాపారంగానే లెక్కిస్తుంది. వనామీ రొయ్యల మీద వచ్చిన డబ్బు వరి పేరు మీద రాసుకుంటే అది మినహాయింపు కాదు, ఎగవేత.

భూపరిమితి చట్టం గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. భూమిని వేరేవాళ్ల పేర్ల మీద పెట్టే విద్య డెల్టా అప్పుడే బాగా నేర్చుకుంది. పాలేర్ల పేర్ల మీద, దూరపు చుట్టాల పేర్ల మీద రాయించిన చేల కథలు ప్రతి ఊళ్లోనూ ఇప్పటికీ వినిపిస్తాయి. కరణం గారి దస్త్రంలో ఒక పేరు, గట్టు మీద నిలబడే మనిషి ఇంకొకరు. 1984లో కరణాలు, మునసబులు పోయారు, అడంగల్ కంప్యూటర్‌లోకి వచ్చింది. అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

కోర్టుల్లో ఈ లెక్క ఎలా తేలుతుందో చూడాలంటే జయలలిత ఆస్తుల కేసే చాలు. జీడిమెట్ల, పేట్ బషీరాబాద్‌లలో ఆమెకు ద్రాక్ష తోటలుండేవి. 1991-96 మధ్య వాటి మీద 52.5 లక్షలు వచ్చాయని ఆమె పక్షం వాదన. 5.78 లక్షలేనని ప్రాసిక్యూషన్. ప్రత్యేక కోర్టు 10 లక్షలు ఒప్పుకుంది. హైకోర్టు 46.71 లక్షలంది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ప్రత్యేక కోర్టు తీర్పునే నిలబెట్టింది, అప్పటికి ఆమె లేరు. ఆదాయపు పన్ను రిటర్నులో రాసినంత మాత్రాన ఆ డబ్బు న్యాయంగా వచ్చినట్టు రుజువు కాదని కూడా చెప్పింది. ఒకే తోట, ఒకే అయిదేళ్లు, నాలుగు రకాల అంకెలు. పంట పండిన నాడే లెక్క రాసి ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత ద్రాక్ష గుత్తులు లెక్కపెట్టాల్సిన అవసరం కోర్టుకు వచ్చేది కాదు.

అసలు రిటర్నే వేయని నాయకులూ ఉన్నారు. 1969 కాంగ్రెస్ చీలిక రోజుల్లో కేంద్రమంత్రి జగ్జీవన్ రామ్ పదేళ్లుగా రిటర్నులు దాఖలు చేయలేదని బయటపడితే, పనుల ఒత్తిడిలో మర్చిపోయి ఉంటారని ఇందిరాగాంధీ వెనకేసుకొచ్చారు. ఒక గుమాస్తా పదేళ్లు మర్చిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. అమెరికాలోనూ 1970కి గాను అధ్యక్షుడు నిక్సన్ కట్టిన పన్ను 800 డాలర్ల లోపేనని తెలిసి దుమారం రేగింది. ఆయన తన రిటర్నులు బయటపెట్టాల్సి వచ్చింది, కాంగ్రెస్ కమిటీ సిబ్బంది పరిశీలించి 4.7 లక్షల డాలర్లకు పైగా బాకీ తేల్చారు.

మన దగ్గర రిటర్ను బయటికి రాదు. అది వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం చూపితే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వనక్కర్లేదని 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తనిఖీ చేయాల్సిన శాఖ పనితీరు ఎలా ఉందో ప్రభుత్వ లెక్కల్ని పరిశీలించే కాగ్ 2019లో చూపింది: వ్యవసాయ ఆదాయం మినహాయింపు ఇచ్చిన 6,778 కేసులు తీసి చూస్తే 1,527 కేసుల్లో సరైన పత్రాలు, పరిశీలన లేకుండానే ఒప్పేసుకున్నారు. 7 మంది లోక్‌సభ సభ్యులు, 98 మంది ఎమ్మెల్యేల ఆస్తుల పెరుగుదలలో తేడాలు కనిపించాయని 2017లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డే సుప్రీంకోర్టుకు చెప్పింది. రిటర్నింగ్ అధికారి అఫిడవిట్ నిండిందా లేదా అన్నంత వరకే చూస్తారు, నిజమా కాదా అని విచారించరు. అబద్ధమని తేలితే ఆరు నెలల దాకా జైలు. తేల్చాల్సింది ఎవరో మాత్రం ఫిర్యాదు చేసినవాడే వెతుక్కోవాలి.

నిజానికి కావలసిన కాగితాలు మూడూ ఉన్నాయి. సర్వే నంబరు, విస్తీర్ణం అఫిడవిట్‌లో ఉన్నాయి. ఎకరాలు, ఆదాయం రిటర్నులో ఉన్నాయి. ఏ పంట వేశారు, వరదొచ్చిందా అన్నది అడంగల్‌లో, ఈ-పంట నమోదులో ఉంది. 2022 జులైలో గోదావరి వరద లంకల్ని ముంచెత్తిన ఏడాది ఎవరి లంక భూమి ఆదాయమైనా తగ్గలేదంటే ఈ మూడూ పక్కపక్కన పెట్టిన గుమాస్తాకు అరగంటలో తెలుస్తుంది. వ్యవసాయ ఆదాయం ఎంతో, ఏ సర్వే నంబరు మీదో, సొంత సాగో కౌలో చెప్పే గడి ఒకటి ఫారం 26లో చేర్చితే ఆ గుమాస్తా కూడా అక్కర్లేదు. ఊరివాళ్లే చూసుకుంటారు.

ఆ రోజు బోర్డు దగ్గర ఆ రైతును కౌలు కార్డు ఉందా అని అడిగాను. లేదన్నాడు. 2019 చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఉంటుందో ఉండదో అని అడగలేదట. మరి ధాన్యం ఎవరి పేరున అమ్ముతారని అడిగాను.

‘ఆయన పేరునేనండి’ అన్నాడు. కల్లంలో బస్తాలు కుట్టేవాళ్లు వచ్చి ఉంటారని మోటార్ సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.