వంగిన కొలబద్ద: పెప్టైడులలో దూరాల కొలతకు వెనుక ఉన్న చరిత్ర

బరంపురంలో 2016లో ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) మొదలైన తరువాత గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు విద్యార్థులకు జీవభౌతిక పరిశోధన ఇంటికి దగ్గరైంది. ఆ శాస్త్రంలో అడుగుపెట్టేవారు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఎప్పుడూ వంగుతూ కదిలే పెప్టైడు (అమైనో ఆమ్లాల) గొలుసు రెండు కొనల మధ్య దూరాన్ని, ఒక్కొక్క అణువునే చూస్తూ కాంతితో కొలిస్తే, వచ్చిన సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ కొలతకు ఆధారం జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ఫోర్‌స్టర్ 1948లో ప్రచురించిన సిద్ధాంతం. కాంతిని గ్రహించిన రంగు అణువు తన శక్తిని పక్కనున్న మరో రంగు అణువుకు అందించగలదని, ఆ సామర్థ్యం దూరం ఆరవ ఘాతాన్ని బట్టి మారుతుందని ఆయన చూపారు. సగం శక్తి బదిలీ అయ్యే దూరాన్ని ప్రమాణంగా తీసుకుంటే, దూరం దానిలో సగమైనప్పుడు సామర్థ్యం 98 శాతం దాటుతుంది. రెట్టింపైనప్పుడు 2 శాతం లోపుకు పడిపోతుంది.

దీన్ని ప్రయోగంతో నిరూపించినవారు లూబర్ట్ స్ట్రయర్, రిచర్డ్ హాగ్లాండ్. బరంపురం విశ్వవిద్యాలయం ఏర్పడిన 1967లోనే వారి ఫలితాలు వెలువడ్డాయి. ఒకటి నుంచి పన్నెండు వరకు ప్రోలీన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) ఉన్న గొలుసుల కొనలకు రంగు అణువులు తగిలించి, 1.2 నుంచి 4.6 నానోమీటర్ల వరకు కొలిచి, ఘాతం 5.9 అని తేల్చారు. పాలీప్రోలీన్, అంటే ప్రోలీన్ల గొలుసు, ప్రోలీనుకు 0.31 నానోమీటరు చొప్పున పెరిగే గట్టి కడ్డీ అన్న భావన ఆ పరీక్షకు పునాది. పొట్టి గొలుసుల విషయంలో ఆ భావన చక్కగా పనిచేసింది కనుక, తరువాతి తరం దాన్ని పొడవైన గొలుసులకూ వర్తింపజేసింది.

1996లో ఒక్కొక్క అణు జంటలోనే ఈ బదిలీని చూడడం సాధ్యమైంది. 2002లో బెంజమిన్ షూలర్, విలియం ఈటన్ బృందం ప్రోటీన్ ముడుచుకునే తీరును పరిశీలిస్తూ పాలీప్రోలీన్‌ను గట్టి కొలబద్దగానే వాడింది. 2005లో అదే బృందం 6 నుంచి 40 ప్రోలీన్ల గొలుసులను పరీక్షించగా, పొడవైన గొలుసుల్లో బదిలీ గట్టి కడ్డీకి ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనిపించింది. నేతగాడి చేతిలోని వదులు పట్టునూలు కొనల మధ్య ఎడం ఆ నూలు పొడవుకన్నా తక్కువగా ఉన్నట్టే, గొలుసు వంగితే కొనలు దగ్గరవుతాయి. అయితే వంపు ఎక్కడిది? 2007లో సమాధానం దొరికింది: ఇరవై ప్రోలీన్ల గొలుసులను నీటిలో పరీక్షించినప్పుడు దాదాపు 30 శాతం అణువుల లోపలి భాగంలో సిస్ రూపంలోని (గొలుసును మలిచే బంధ అమరిక ఉన్న) ప్రోలీన్లున్నట్టు ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణు నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి) చూపింది. అన్నీ ట్రాన్స్‌గా (సాగిన అమరికలో) ఉన్న గొలుసు చాలావరకు బిగువుగానే ఉంటుందని, మలుపు పెట్టేది ముఖ్యంగా ఆ సిస్ ప్రోలీన్లేనని కంప్యూటర్ గణనలు సూచించాయి. ఫోర్‌స్టర్ సూత్రానికి దీనివల్ల ఏ లోటూ రాలేదు. సవరించవలసి వచ్చింది కొలబద్ద గురించిన మన ఊహను మాత్రమే.

అసలు చిక్కు ఇంకా లోతైనది. కాంతిపుంజాన్ని అణువు దాటడానికి ఒక మిల్లీసెకను పడితే, మెత్తని గొలుసు కొనలు అంతకు వేల రెట్లు వేగంగా కదులుతాయి. కనుక ఒక్క అణువును చూసినా మనకు దొరికేది సగటే. పైగా ఆరవ ఘాతం వల్ల సామర్థ్యాల సగటు, సగటు దూరానికి తగిన సామర్థ్యం ఒకటి కావు. అందుకే ప్రతిదీప్తి (రంగు అణువు తిరిగి వెలువరించే కాంతి) తీవ్రతతో పాటు, కొన్ని నానోసెకన్లే ఉండే దాని జీవితకాలాన్ని కూడా కొలుస్తారు. రెండూ పొంతన కుదరకపోతే దూరం ఒకటి కాదని, విస్తరించి ఉన్నదని అర్థం.

2018లో ఇరవై ప్రయోగశాలలు ఒకే డీఎన్‌ఏ నమూనాలను కొలిచి చూసుకున్నాయి. 2023లో పందొమ్మిది ప్రయోగశాలలు ప్రోటీన్లతో అదే పరీక్ష చేసి, దూరంలో ఖచ్చితత్వాన్ని 0.5 నానోమీటరు లోపుకు తెచ్చాయి. మెత్తని పెప్టైడు విషయంలో మాత్రం ఒక్క దూరాన్ని ప్రకటించి ఊరుకోకుండా, దూరాల పంపిణీని, దాన్ని రాబట్టిన గణిత నమూనాను కలిపి చెప్పడమే సరైన పద్ధతి.