నలుగురిలో అడగని సందేహం

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పోయిన ఆదివారం మా ఇంటి వరండాలో మీకు భిన్నాల భాగహారం చెప్పి, చివరన "అర్థమైందా?" అని అడిగాను. పన్నెండు మందీ "అయింది సారూ" అన్నారు. చాపలు చుట్టిపెట్టి, ఎవరి సంచి వారు తగిలించుకొని వెళ్లిపోయారు. పావుగంట గడవకముందే మీలో ఒకరు నీళ్ల సీసా మరిచిపోయానంటూ తిరిగి వచ్చి, భాగించే భిన్నాన్ని తలకిందులు చేసి ఎందుకు గుణించాలని గొంతు తగ్గించి అడిగారు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే మరొకరు సైకిల్ ఆపి అదే అడిగారు. రాత్రి ఒకరు ఫోన్ చేశారు. సోమవారం పొద్దున పాల దుకాణం దగ్గర నాలుగోవారు కలిశారు. నలుగురి ప్రశ్న ఒక్కటే. "అందరికీ అర్థమైంది సారూ, నాకే కాలేదు" అంటూ నలుగురూ చెప్పిన మాట కూడా ఒక్కటే.

పేర్లు రాయను, భయపడకండి. కానీ ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ "అయింది సారూ"ను నమ్మి ఎన్నిసార్లు పాఠాన్ని ముందుకు నడిపించానో తలచుకుంటే బాధ కలిగింది. అందుకే ఇది ఉత్తరంగా రాస్తున్నాను.

మీకు జరిగినదానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక పేరుంది: ప్లూరలిస్టిక్ ఇగ్నరెన్స్. గుంపులో చాలామంది లోపల ఒకే విధంగా అనుకుంటూ, మిగతావారు మాత్రం తమలా అనుకోవడం లేదని పొరబడడం. డేల్ మిల్లర్, కేథీ మెక్‌ఫార్లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఎంత చదివినా తలకెక్కని వ్యాసాన్ని విద్యార్థులకు ఇచ్చి, అర్థం కాకపోతే వచ్చి అడగవచ్చని చెప్పారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. ఆ తరువాత విడిగా అడిగితే, తమకన్నా ఇతరులకే ఎక్కువ అర్థమై ఉంటుందని వారు అంచనా వేశారు. తాను ఊరుకున్నది సిగ్గువల్ల అని ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎందుకంటే ఆ సిగ్గు తన లోపలే ఉంది. పక్కవాడి లోపల ఏముందో కనిపించదు, కనిపించేది నిశ్చింతగా ఉన్న ముఖం ఒక్కటే. అందువల్ల తన మౌనానికి ఒక కారణాన్నీ, అదే బెంచీ మీద కూర్చున్న పక్కవాడి మౌనానికి వేరొక కారణాన్నీ కట్టిపెడతాడు. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లు అంటారు గాని, తరగతి గదికి సంబంధించినంతవరకు ఆ మాటను నేను ఒప్పుకోను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కరీంనగర్ నుండి వస్తున్న బస్సులో హుజూరాబాద్ దాటిన తరువాత రబ్బరు కాలుతున్న వాసన నా ముక్కుకు తగిలింది. పక్కాయన వైపు చూశాను, ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. వెనక్కి తిరిగాను, ఎవరూ కదలలేదు. ఇంతమందికి లేని అనుమానం నాకెందుకని ఊరుకున్నాను. కొంతదూరం పోయాక, కరివేపాకు గంప ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఒక అవ్వ "ఓ బిడ్డా, బండి ఆపు, ఏదో కాలుతున్న వాసనొస్తాంది" అని కేక వేసింది. ఆమె నోరు తెరిచిందో లేదో, బస్సంతా "అవునవును, నాకూ వచ్చింది" అన్నది. నా పక్కాయన కూడా అన్నాడు. ఆయన నన్ను చూసి ఊరుకున్నాడు, నేను ఆయనను చూసి ఊరుకున్నాను. బండి ఆపి దిగాము, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అవ్వ ముందు నేను చదివిన చదువు ఎందుకు నోరు తెరవలేదో నాకు చాలా ఏళ్ల వరకు తెలియలేదు.

1968లో బిబ్ లతానే, జాన్ డార్లీ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా దీనినే పరీక్షించి ప్రచురించారని తరువాత చదివాను. విద్యార్థులు గదిలో కూర్చొని కాగితాలు నింపుతుండగా, గోడలోని సందు గుండా పొగ రావడం మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ తెలియని ముగ్గురు కలిసి కూర్చున్నప్పుడు, నూటికి 38 గుంపులలోనే ఎవరో ఒకరు చెప్పారు. పొగను చూసీ చూడనట్టు కూర్చోమని ముందే నేర్పిన ఇద్దరి మధ్య ఉన్నవారిలో అయితే, నూటికి పదిమందే కదిలారు. కదలనివారిని తరువాత అడిగితే, భయపడి ఊరుకున్నామని అనలేదు. అది ఆవిరేమో, ఏసీ నుంచి వస్తున్నదేమో అనుకున్నామన్నారు. చుట్టూ ఉన్నవారి నిదానాన్ని చూసి, కళ్లు మండించే పొగకే వేరే పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ రెండు శక్తులు కలిసి పనిచేస్తాయి. ఒకటి, నాకు తెలియనిది నలుగురికీ తెలిసి ఉంటుందన్న నమ్మకం. రెండోది, నలుగురిలో నవ్వులపాలవుతానన్న బెరుకు. రెండోదాని బలం సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన 1950ల నాటి ప్రయోగాలలో తేటగా బయటపడింది. ఒక గీతకు సమానమైన గీతను మూడింటిలో గుర్తించాలి, అంతే. ఒంటరిగా చూస్తే నూటికి ఒక్క తప్పు కూడా రాదు. కానీ గదిలోని మిగతావారందరూ ముందే మాట్లాడుకొని తప్పు జవాబు చెబుతుంటే, అసలు వ్యక్తి ఇచ్చిన జవాబుల్లో మూడింట ఒక వంతుకు పైగా తప్పు వైపే మొగ్గాయి. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగారు. నాలుగోవాడు చివరిదాకా తన కళ్లనే నమ్ముకున్నాడన్నది కూడా మరిచిపోవద్దు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ప్రయోగంలోని మరో భాగం. గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పినా చాలు, లొంగుబాటు ఎంతో తగ్గిపోయింది. ఆ ఒక్కడు చెప్పింది సరైనది కాకపోయినా, గుంపు చెప్పినదానికి భిన్నంగా ఉంటే చాలు, అప్పుడు కూడా తగ్గింది. కాబట్టి మీలో ఒకరు పదిమందిలో తప్పు జవాబు చెప్పినా, పక్కన కూర్చున్నవారి నోటికి పడిన ముడి విప్పినట్టే. పిల్లవాడి తప్పు జవాబుకు నవ్విన తరగతిని వారించని ఉపాధ్యాయుడు, ఆ పిల్లవాడితో పాటు మిగతా నలభైమంది నోళ్లూ మూయిస్తున్నాడని నా అభిప్రాయం.

ఇంట్లో వచ్చిన లెక్క బోర్డు దగ్గర మరిచిపోవడం మాత్రం కొంత వేరు. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో చెప్పినట్టు, చూసేవారుంటే బాగా అలవాటైన పని మెరుగవుతుంది, కొత్త పని తడబడుతుంది. బతుకమ్మ చుట్టూ ఏళ్లుగా ఆడుతున్న అక్క నలుగురిలో మరింత హుషారుగా అడుగు వేస్తుంది, ఆ ఏడే నేర్చుకుంటున్న చెల్లె అడుగు తప్పుతుంది. తెలివికీ దానికీ సంబంధం లేదు.

"ధైర్యంగా అడగండి" అని మీకు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అలా వేలసార్లు చెప్పాను, ఫలితం కనిపించలేదు. యాష్ ప్రయోగంలోనే, జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు గుంపు పట్టు చాలావరకు సడలింది. అందుకని వచ్చే ఆదివారం నుండి ఒక్కొక్కరికి ఒక చీటీ ఇస్తాను. పేరు వద్దు. సందేహం ఉంటే రాయండి, లేకపోతే "లేదు" అని రాయండి, అందరూ మడిచి డబ్బాలో వేయాలి. ఎన్ని చీటీలలో ఒకే ప్రశ్న ఉందో మీ ముందే లెక్కపెడతాను. ఇక మీదట "అర్థమైందా?" అని అడగను, "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడుగుతాను.

ఆ నలుగురికి బాకీ ఉన్న జవాబు ఇక్కడే ఇస్తున్నాను, మిగతా ఎనిమిది మందీ చదవండి. భాగించడమంటే ఇందులో అవి ఎన్ని ఉన్నాయని అడగడమే. ఒక నిండు జొన్నరొట్టెలో పావు ముక్కలు నాలుగు ఉంటాయి, అంటే ఒకటిని పావుతో భాగిస్తే నాలుగు. పావును తలకిందులు చేస్తే వచ్చేది ఆ నాలుగే. మన దగ్గర ఉన్నది సగం రొట్టె అయితే, ఆ నాలుగులో సగం, రెండు ముక్కలు. మూడు వంతులలో రెండు వంతులున్న ముక్కతో భాగించవలసి వస్తే ఏమవుతుందో, రొట్టె బొమ్మ గీసుకొని రండి.

మీ లెక్కల తాత