చదువుసాముల్లో సాము ఎక్కడ ఆగిపోయింది

సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివే ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. దానికి రాణి లక్ష్మీబాయి పేరు పెట్టారు. మంచి పని. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నేను చూసిన బడుల్లో ఆ శిక్షణకు వచ్చేది కరాటే మాస్టారో, తైక్వాండో మాస్టారో. అదే ఊళ్లో కర్రసాము తెలిసిన పెద్దాయన ఉంటాడు. గ్రామదేవత పండగ వచ్చినప్పుడు ఊరేగింపు ముందు కర్ర తిప్పమని ఆయన్ని పిలుస్తారు. బడికి మాత్రం పిలవరు. పిలుద్దామని ఏ హెడ్మాస్టరుగారైనా అనుకున్నా ఆయన దగ్గర సర్టిఫికెట్టు ఉండదు, సిలబస్ ఉండదు, మూడు నెలల్లో ఏది ఎంతవరకు నేర్పుతాడో రాసిచ్చే కాగితం ఉండదు. ఆ కాగితం ఎందుకు లేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు మాటలు చూద్దాం. ఇప్పటికీ మనం 'చదువుసాములు' అని కలిపే అంటాం. సాము అనే మాట శ్రమ నుంచి వచ్చింది. ఒంటితో పదే పదే చేసి పట్టుకునే విద్య అని అర్థం. గరిడి అంటే సాము నేర్పే చోటు. తాలింఖానాలో ఉన్న 'తాలీం' అంటే అరబ్బీలో చదువు చెప్పడం. వస్తాదు అనే మాట 'ఉస్తాద్' నుంచి వచ్చింది, గురువు అని అర్థం. కుతుబ్‌షాహీల ఫౌజుదార్లు శ్రీకాకుళం కేంద్రంగా ఈ ప్రాంతాన్ని ఏలిన రోజుల్లో ఇలాంటి మాటలు సైన్యంతో పాటే మన ఊళ్లలోకి వచ్చి ఉంటాయి. గరిడి, తాలింఖానా, వస్తాదు, మూడూ బడికి సంబంధించిన మాటలే. ఇవాళ తాలింఖానా అంటే దండీలు, బస్కీలు తీసే చోటు. వస్తాదు అంటే కండలు తిరిగినవాడు. నేర్పడం అనే అర్థం ఎప్పుడు జారిపోయిందో ఎవరం గమనించలేదు. ఈ సమస్య మొత్తం అక్కడే ఉందని నా నమ్మకం.

ఒకప్పుడు సాము బతుకుతెరువు. జమీందార్లకు సొంత సైన్యాలుండేవి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర ఏం జరిగిందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి మళ్లీ చెప్పను. దానికంటే సాము చరిత్రలో పెద్ద మలుపు 1794 జులై 10. ఆ రోజు పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయారు. ఆయనతో పాటు బంధువులూ, అనుచరులూ పోయారు. ఎనిమిదేళ్లకు, 1802లో, శాశ్వత కౌలు పద్ధతి వచ్చింది. ఆ తరవాత జమీందారు పని శిస్తు కట్టడం, సైన్యం సంగతి కంపెనీ చూసుకుంటుంది. మరి కత్తీ కర్రా పట్టడం తప్ప వేరే పని తెలియని కుటుంబాలు ఏమయ్యాయి? కొందరు దివాణాల్లో కాపలాకి కుదిరారు, మిగతావాళ్లు నాగలి పట్టారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. కత్తులు, బల్లేలు, చివరికి విల్లంబులు కూడా లైసెన్సు లేకుండా పట్టుకు తిరగడం నేరమైపోయింది. కర్ర మాత్రం మిగిలింది. పశువుల కాపరి చేతిలో కర్రకి లైసెన్సు అడగలేరు కదా.

అలా యుద్ధం పోయి, పండగ మిగిలింది. గ్రామదేవత సంబరాలు, తీర్థాలు, దసరా, పీర్ల ఊరేగింపు, వీటిలో సాముకి చోటు దొరికింది. ఆ చోటు లేకపోతే ఈపాటికి అసలే ఉండేది కాదు. కానీ పండగ అడిగేది వేరు. జనం చుట్టూ మూగినప్పుడు కర్ర గిరగిరా తిరగాలి, డప్పు అందుకోవాలి, చూసేవాళ్లు ఈల వేయాలి. ఎదుటివాడి దెబ్బని ఎలా కాచుకోవాలో, ఎక్కడ అడుగు వెనక్కి తీయాలో చూపిస్తే ఎవరూ ఈల వేయరు. తరాలు గడిచేకొద్దీ ఈల వేయించే భాగం బలపడింది, కాచుకునే భాగం పలచబడింది.

ఆ పలచబడిన భాగాన్ని నేను దగ్గరగా చూశాను. నెల్లిమర్ల దగ్గర, చంపావతి ఒడ్డున మా మేనమామగారి ఊళ్లో ఒక గురువుగారు ఉండేవారు. లోపల బోలు తక్కువున్న గట్టి వెదురు ఏరి, నీడన ఆరబెట్టి, వంకర ఉన్నచోట సెగ చూపించి సరిచేసేవారు. గణుపులు చెక్కి, ఆముదం పట్టించేవారు. కర్రని నిలబెడితే పట్టేవాడి కనుబొమల దాకా రావాలి. అంతకంటే పొడుగైతే నేలకి తగులుతుంది, పొట్టిదైతే కాలు కాయదు. పదకొండేళ్ల వయసులో ఆ కర్ర చేతికిచ్చినప్పుడు నా కళ్లు దాని చివరి మీదే ఉన్నాయి. ఆయన వెంటనే కర్ర లాగేసుకుని, 'కాలు సూడ్రా, కర్రెందుకు సూస్తావు' అన్నారు. పది రోజులు కర్ర ఇవ్వలేదు. ముందుకో అడుగు, పక్కకో అడుగు, వెనక్కో అడుగు. ఎందుకని అడిగితే జవాబు ఉండేది కాదు, ఇంకో వంద అడుగులు ఉండేవి. ఆయనకి కోపం కాదు. ఆయన గురువు ఆయనకి అలాగే నేర్పారు, అంతే. అడుగులకి పేర్లున్నాయి, కానీ చంపావతి దాటి అవతలి ఊరు వెళితే అదే అడుగుకి ఇంకో పేరు. రెండు ఊళ్ల గురువులు కూర్చుని 'మీరు దీన్నేమంటారు' అని మాట్లాడుకోగా నేను చూడలేదు. జోడు కట్టి పోటీ పడ్డం చూశాను, మాట పట్టింపులు చూశాను.

ఇప్పుడు, మన దగ్గర ఆయుధాల చట్టం వచ్చిన ఆ కాలంలోనే జపాన్‌లో ఏం జరిగిందో చూడాలి. అక్కడా సమురాయిల కాలం ముగిసింది, కత్తి పెట్టుకు తిరగడం నిషేధమైంది, పాత కుస్తీ విద్యల గురువులకి పని లేకుండా పోయింది. 1882లో జిగోరో కానో అనే యువకుడు టోక్యోలోని ఎయిషోజీ గుడిలో పన్నెండు చాపలు పరిచి, తొమ్మిది మంది శిష్యులతో జూడో మొదలుపెట్టాడు. ఆయన వృత్తి చదువు చెప్పడం. పట్లన్నిటికీ పేర్లు పెట్టి, వర్గాలుగా విడగొట్టాడు. నేర్పడాన్ని నాలుగు భాగాలు చేశాడు: కట్టుదిట్టమైన వరసలు, స్వేచ్ఛగా పట్టుకోవడం, ఉపన్యాసం, ప్రశ్నలూ జవాబులూ. ఈ చివరి రెండూ చూడండి. మాట్లాడటం కూడా విద్యలో భాగమే అని ఆయన రాసిపెట్టాడు. ఇవాళ మన పిల్లలు 'మాస్టారూ, నాకు బెల్టు ఎప్పుడు' అని అడిగే నల్ల బెల్టు కూడా ఆయన శిష్యులు 1880ల్లో కట్టుకున్నదే. మధ్యలో ఉండే పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు చాలా తరవాత యూరప్‌లో వచ్చి చేరాయి.

కరాటే కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒకినావాలో అది ఇళ్ల పెరళ్లలో, రాత్రిపూట, గుట్టుగా నేర్పే విద్య. ఇతోసు అనే పెద్దాయన దాన్ని 1901 ప్రాంతంలో బడిలోకి తెచ్చారు. చిన్నపిల్లల కోసం సులువైన ఐదు వరసలు కొత్తగా కూర్చారు. 1908లో, ఈ విద్య బడిలో ఎందుకు ఉండాలో పది అంశాలుగా విద్యాశాఖకి లేఖ రాశారు. ఆయన శిష్యుడు ఫునకోషి కూడా బడిపంతులే. 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి, ఆ తరవాత పుస్తకాలు రాశాడు. పెరటి విద్య ప్రపంచమంతా తిరిగిందంటే ఆ పంతుళ్ల చలవే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే విజయనగరంలో కూడా ఒక వ్యాయామ ఉపాధ్యాయుడున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో బాబాయిగారింట పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చిన కోడి రామమూర్తి నాయుడుగారు. తరవాత ఆయన సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంపి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నారు. శాకాహారి, ప్రాణాయామం చేసేవారు. ఆయన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. కానీ ఆయన బడిలోనే ఉండిపోయి, సాము గురువుల్ని పిలిపించి, పిల్లలకి పనికొచ్చేలా ఒక వరస కట్టి ఉంటే ఏమయ్యేదని అనుకోకుండా ఉండలేను. ఆయన్ని ఆపగలిగే శక్తి అప్పటి బడికి లేదు. డేరాకి టిక్కెట్టు కొనడానికి జనం ఉన్నారు, వ్యాయామానికి జీతం పెంచేవాళ్లు లేరు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దసరాకి దివాణం నుంచి అందే పంచెచాపు, బహుమానం ఆగిపోయాయి. ఆ భారం ఊరి చందాల మీద పడింది.

అయితే ఒళ్లు వంచే విద్యలన్నీ ఇలా వాడిపోలేదు. సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఇక్కడ ఇప్పటికీ జరుగుతాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో విజయనగరం జిల్లా కొండవెలగాడ అనే ఊరి పేరు తెలియనివాళ్లు లేరు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. బరువు ఎత్తడానికి అంకె ఉంది. ఎత్తాడా లేదా, ఎన్ని కిలోలు, అంతే. శ్రీకాకుళంలో ఎత్తిన కిలో సిడ్నీలో కూడా కిలోయే. సాముకి అలాంటి కొలత లేదు. ఒక ఊరి గురువు బాగుందన్నది పక్క ఊరి గురువు తప్పంటాడు. పోటీ పెడితే ఎవరికి పాయింటు ఇవ్వాలో తెలియదు. తమిళుల సిలంబం మన కర్రసాముకి దగ్గరి బంధువు. వాళ్లు నియమాలు రాసుకున్నారు, ఎవరికి ఎక్కడ తగిలితే ఎన్ని పాయింట్లో తేల్చుకున్నారు. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో దాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టించుకున్నారు. అంతకుముందే, 2022లో హర్యానాలో జరిగిన క్రీడల్లో కేరళ కలరిపయట్టు, పంజాబ్ గత్కా, మణిపూర్ థాంగ్-తా చేరాయి.

ఈమధ్య కుర్రాళ్లు ఫోన్లో వీడియోలు చూసి కర్ర తిప్పుతున్నారు. వాళ్ల ఆసక్తి చూస్తే నిజంగా సంతోషమేస్తుంది. కానీ చిక్కులున్నాయి. తీసేవాళ్లు నడుము పైనే తీస్తారు, కాళ్లు కనపడవు. ఎదురుగా నిలబడి చూపించేవాడి కుడిచెయ్యి మనకి ఎడమ పక్కన కనపడుతుంది. అలాగే చేసి మణికట్టు పట్టేసినవాళ్లు నాకు తెలుసు. కర్ర తిరగడం వస్తుంది. ఎదుటివాడి కర్ర మీదికొచ్చినప్పుడు కాలు ఎటు వేయాలో మాత్రం రాదు. ఆ సమయంలో 'ఆగు, ఇంకోసారి' అనేవాడు పక్కన లేకపోతే ఈ విద్య సగమే.

ఇదంతా తిరిగి తిరిగి మొన్న దసరాకి ఆ పాత గరిడి దగ్గరే ఆగింది. గురువుగారి కొడుకు నేర్పుతున్నారు, ఆయనకీ అరవై దాటాయి. ఏడెనిమిది మంది పిల్లలు, అందులో ముగ్గురు ఆడపిల్లలు. వాళ్లలో ఒక అమ్మాయి బడిలో మూడు నెలలు కరాటే నేర్చుకుంది. ఆ అలవాటు కొద్దీ అడిగేసింది, 'కాలు ముందుకి ఎందుకండీ గురువుగారూ' అని. ఆయన ఆగి, 'రెండు కాళ్లూ జోడించి నిల్సో అమ్మా' అన్నారు. కర్ర చివరతో భుజం మీద మెల్లగా తోశారు. అమ్మాయి వెనక్కి తూలింది. ఒక కాలు ముందుకి పెట్టించి మళ్లీ తోశారు. కదల్లేదు. 'ఇప్పుడు నువ్వే సెప్పు.' ఆ పిల్ల చెప్పింది, మిగతావాళ్లు విన్నారు.

తరవాత ఆయన అదే కర్రతో దుమ్ములో రెండు పాదాలు గీశారు, దూరం జానతో కొలిచి మరీ. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ గీతల మీద నిలబడ్డారు. అందరికంటే చిన్నవాడికి ఆ దూరం మరీ ఎక్కువైంది. వాడి జానతో కొలిచి, వాడికి పక్కనే ఇంకో జత గీశారు.