టౌన్ సీఐ కుర్చీ: అపోహలు, వాస్తవాలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎస్సైగా, సీఐగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెళ్లికి పోయినా, చావుకు పోయినా పక్కన కూర్చున్నవాళ్లు అడిగేది ఒకటే: "టౌన్ సీఐ మీద పేపర్ల పడ్డది నిజమేనా సార్?" ఏ ఊరి సీఐ అని నేను అడగను. ప్రతి టౌన్‌కూ ఒక వివాదాల సీఐ ఉంటాడు, లేదంటే ఈ మధ్యే బదిలీ అయి ఉంటాడు. మనుషుల పేర్లు నాకొద్దు. ఆ కుర్చీ గురించి జనం నమ్మే మాటల్లో ఏది ఎంతవరకు నిజమో చెప్తాను.

అపోహ: సీఐ గట్టోడైతే భూమి పంచాయితీ గంటలో తెగుతుంది.

సీఐల మీద వచ్చే ఆరోపణల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే. పొద్దున పది దాటాక ఏ స్టేషన్ వరండాలోనైనా చూడండి. ఒకాయన చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అందులో పాస్‌బుక్కు, పహాణీ నకలు, మడతల దగ్గర చినిగిపోయిన సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు పత్రం. ఆయన అడిగేది కేసు కాదు. "కేసొద్దు సార్, మీరొక్కసారి పిలిపించి గట్టిగ చెప్తే ఆయినే జరుగుతడు" అంటాడు.

హద్దురాయి ఎక్కడుండాలో తేల్చే అధికారం పోలీసుకు లేదు. హక్కు తేల్చేది సివిల్ కోర్టు, రికార్డు చూసేది తహసీల్దార్, కొలిచేది సర్వేయర్. కొట్లాట అయితే మేం కేసు కడతాం. అయ్యేలా ఉంటే తహసీల్దార్ ముందు బైండోవర్ చేయిస్తాం, అంటే గొడవ చేయమని పూచీ రాయిస్తాం. భూమి ఎవరి కబ్జాలో ఉందన్న గొడవ ముదిరితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు రిపోర్టు పెడతాం. చట్టంలో మా పాత్ర అంతే.

అయినా సీఐ పిలిపిస్తాడు. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందని రెండు వైపులా భయమే. పెద్దమనుషులు కూర్చుంటారు, తెల్లకాగితం మీద ఒప్పందం రాస్తారు. గెలిచినాయనకు సీఐ దేవుడు. ఓడినాయన మర్నాడే ఎమ్మెల్యే ఇంటికి, అక్కడి నుంచి ఎస్పీ ఆఫీసుకు పోతాడు. చౌటుప్పల్, చిట్యాల వైపు హైవే పొడవునా భూముల ధరలు పెరిగాక ఆ "ఒక్కసారి పిలిపించండి"కి కూడా రేటు వచ్చింది. ఇందులో దాచేదేం లేదు, మా శాఖలో అందరికీ తెలిసిందే. డబ్బు అడిగితే ఏసీబీ నంబర్ 1064. కాకపోతే ఒక మాట అనకుండా ఉండలేను. సెటిల్‌మెంట్ చేయమని వరండాలో కూర్చున్నవాళ్లే రేపు అదే మనిషికి "సెటిల్‌మెంట్ల సీఐ" అని పేరు పెడతారు.

అపోహ: నాలుగు తగిలిస్తే నిజం కక్కుతారు.

కక్కింది నిజమైనా పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాధార చట్టంలో ఇది 25వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 23. ఆ మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే దానికి సంబంధించినంత వరకే పనికొస్తుంది. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరులో దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు తెచ్చిన దళిత మహిళ కస్టడీలో చనిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచే డిస్మిస్ చేశారు.

లాఠీ మీద పేరు తెచ్చుకున్న సీఐల కేసులు కోర్టులో ఎలా పోతాయో చాలాసార్లు చూశాను. సొత్తు దొరికిందని రాసే రికవరీ పంచనామా తీస్తే, సాక్షులుగా సంతకం పెట్టిన పంచులిద్దరూ స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్ వాళ్లే. టైమ్ దగ్గర దిద్దుబాటు, దాని పక్కన సంతకం లేదు. బోనెక్కిన పంచును డిఫెన్స్ లాయర్ అడిగే ప్రశ్న కూడా పెద్దదేం కాదు: "మీరు సొత్తు దొరికిందన్న ఆ గుట్ట దగ్గరికి పోయిండ్రా?" ఆయన నేల చూపులు చూస్తూ "లేదు సార్, స్టేషన్ల సంతకం పెట్టమన్నరు, పెట్టిన" అంటాడు. కేసు అక్కడికే సరి. అరెస్టు రోజు పేపర్లో వచ్చిన ఫొటో అందరికీ గుర్తుంటుంది. కేసు కొట్టేసిన వార్తను లోపలి పేజీలో ఎవరూ చదవరు.

మిర్యాలగూడ ప్రణయ్ కేసు చూడండి. హత్య జరిగింది 2018 సెప్టెంబర్ 14న. నల్లగొండ కోర్టు తీర్పు ఇచ్చింది 2025 మార్చి 10న. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. మధ్యలో ఆరేళ్లు దాటాయి. ఏ కేసైనా అంతకాలం నడిస్తే దర్యాప్తు చేసినవాళ్లు బదిలీల మీద ఎక్కడికో పోతారు, కోర్టులో మిగిలేది సీడీ (కేస్ డైరీ) ఫైలే. సీఐ మంచోడా కాదా అని నన్నడిగితే నేను ముందు ఆ ఫైలే చూస్తాను.

అపోహ: ఎన్‌కౌంటర్ చేస్తే ప్రమోషన్ ఖాయం.

2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. ప్రతి ఎన్‌కౌంటర్ మీద ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీతోనో వేరే స్టేషన్ బృందంతోనో దర్యాప్తు చేయించాలి, మేజిస్టీరియల్ విచారణ జరగాలి. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని తేల్చి, 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలని సిఫారసు చేసింది. 2022లో వ్యవహారం హైకోర్టుకు చేరింది. చల్లిన పూలు ఆ సాయంత్రానికే వాడిపోయి ఉంటాయి. కోర్టు కాగితాలు మాత్రం ఆ పోలీసుల ఇళ్లకు వస్తూనే ఉంటాయి.

అపోహ: సీఐని తెచ్చేదీ, పంపేదీ ఎమ్మెల్యేనే.

ఈ ఒక్కదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఉత్తర్వు మీద సంతకం మల్టీజోన్ ఐజీది. కానీ ఆ ఫైలు కదలడానికి ముందు ఎవరు ఫోన్ చేశారో టౌన్‌లో టీకొట్టు వాడికి కూడా తెలిసిపోతుంది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు పదవీకాలం ఉండాలని 2006లో ప్రకాష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టౌన్ స్టేషన్‌లో రెండేళ్లు నిండిన సీఐలు నాకు తెలిసి అరుదు. ఎప్పుడు పోతాడో తెలియని మనిషికి ఆరేళ్ల తర్వాత కోర్టులో నిలబడే కేసు మీద ఏం ధ్యాస ఉంటుంది?

అపోహ: సస్పెండ్ చేశారంటే ఉద్యోగం ఊడినట్టే.

సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ పూర్తయ్యేదాకా పక్కన కూర్చోబెట్టడం. మొదట్లో జీతంలో సగం జీవనభృతిగా వస్తుంది. 3 నెలల్లోపు చార్జ్‌మెమో (ఆరోపణల పత్రం) ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నిన్న సస్పెండైన సీఐ రేపు ఇంకో టౌన్‌లో కనబడితే "పైసలిచ్చి వచ్చిండు" అని అనుకోనక్కర్లేదు. శాఖాపరమైన విచారణ అప్పటికి ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వ్‌కు) పంపడమైతే అసలు శిక్షే కాదు, పూర్తి జీతంతో పోస్టింగ్ కోసం ఎదురుచూడటమే. పేపర్లు మాత్రం రెంటికీ "వేటు" అనే రాస్తాయి.

అపోహ: సీఐ కేసు కట్టనంటే ఇక దారి లేదు.

ఉంది. కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమని సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి తీర్పు చెప్పింది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో దీనికి 173వ సెక్షన్. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగిందని కూడా తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. 3 నుంచి 7 ఏళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. "విచారణలో ఉంది" అని నెలల తరబడి తిప్పితే ఆ 14 రోజుల మాట గుర్తుచేయండి. స్టేషన్‌లో కట్టకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. పోస్టాఫీసు రసీదు పారేయొద్దు, మేజిస్ట్రేట్ ముందు అది కావాలి.

అపోహ: స్టేషన్ నుంచి ఫోనొస్తే వెంటనే పోవాల్సిందే.

సాక్షిని పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అరెస్టు అవసరం లేని కేసులో నిందితుడిని పిలవాలంటే 35(3) నోటీసు. ఫోన్‌లో "ఒకసారి రా" అంటే ఏ కేసు, నంబర్ ఎంత అని మర్యాదగా అడగండి. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను సాక్షులుగా విచారించాలంటే పోలీసులే వాళ్లుండే చోటికి పోవాలి. స్టేషన్‌కు వాళ్లంతట వాళ్లు వస్తామంటే రానివ్వొచ్చు, రమ్మని బలవంతపెట్టకూడదు.