‘ది గివర్’ మళ్లీ చదివాక: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక బడి గ్రంథాలయం చూసుకుంటూ తొమ్మిదో తరగతి పిల్లలతో నవలలు చదివిస్తుంటాను. ఈసారి లోయిస్ లౌరీ రాసిన ‘ది గివర్’ తీసుకున్నాం. 1993లో వచ్చిన పుస్తకం, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం అందుకుంది. బీఈడీ చదివే రోజుల్లో ఒకసారి చదివాను. పిల్లల కోసం మళ్లీ తెరిస్తే, అప్పట్లో నేను నమ్మినవీ తోటి ఉపాధ్యాయులు ఇప్పటికీ అనేవీ చాలావరకు నిలబడలేదు.

అపోహ: ఇలాంటి నవలల్లో దుర్మార్గులు వేరే ఉంటారు.

వాస్తవం: ఈ నవలలో వెతికినా దొరకరు. కథానాయకుడు జోనస్ అనే అబ్బాయి. అతడి తండ్రి పని ఊళ్లోని పసిబిడ్డల్ని సాకడం. రాత్రుళ్లు సరిగా నిద్రపోని గేబ్రియల్ మీద జాలిపడి ఇంటికి తెచ్చుకుంటాడు. కవలలు పుడితే ఇద్దరినీ తూచి, బరువు తక్కువున్న బిడ్డ తలలోని నరానికి సూది గుచ్చేదీ ఆయనే. ముద్దుమాటలు ఆపడు. బిడ్డ కదలడం మానేశాక వీడ్కోలు చెబుతాడు. ఆ ఊళ్లో దాని పేరు ‘విడుదల’.

మొదటిసారి ఆయన్ని రాక్షసుడనుకుని పుస్తకం మూసేశాను. నేను అలాంటిదాన్ని కాదు కదా అన్న ధీమా. ఈసారి ఆ ధీమా మిగల్లేదు. ఆయనకు ప్రేమ లేక కాదు, చేస్తున్న పనిని దాని అసలు పేరుతో పిలిచే మాట ఆ ఊళ్లోనే లేదు. పదో తరగతి దాటని కూతురికి పెళ్లి చేసి ‘బాధ్యత తీరింది’ అన్న తండ్రులు నాకు తెలుసు. ఆ పిల్లల్ని భుజాల మీద మోసి బడికి తెచ్చినవాళ్లే వాళ్లు.

అపోహ: ఇంత భయంకరమైన కథలు చదివితే పిల్లలు దిగులుపడతారు.

వాస్తవం: దిగులు వాళ్లకు కొత్త కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినప్పుడు వీళ్లు ఒకటో రెండో తరగతిలో ఉన్నారు. నవలలో ఊరి బాధల జ్ఞాపకాలన్నీ ఒక్క ముసలాయనే మోస్తాడు, వాటిని జోనస్‌కు అందిస్తుంటాడు. మీరైతే ఆ తుపాను రాత్రి జ్ఞాపకాన్ని అలా ఎవరికైనా ఇచ్చేస్తారా అని పిల్లల్ని అడిగాను. ఒక అమ్మాయి ఇవ్వనంది. పక్కింటి డాబాలో మూడు కుటుంబాలు ఒకే గదిలో పడుకోవడం కూడా అందులోనే ఉందట. ఒక అబ్బాయి వెంటనే ఇచ్చేస్తానన్నాడు. వాళ్ల తాత ఇప్పటికీ చెట్లు లేని తోటవైపే చూస్తూ కూర్చుంటాడని చెప్పాడు. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

అపోహ: ఒకసారి చదివితే చాలు, కథ తెలిసిపోతుంది.

వాస్తవం: కథ తెలుస్తుంది. అంతకుమించి ఎంత దాటిపోతుందో ఈసారి అర్థమైంది. అప్పట్లో నా కళ్లు ఊరు విడిచి పారిపోయే జోనస్ మీదే ఉన్నాయి. తనతో రమ్మని అతడు బతిమాలితే జ్ఞాపకాలు మోసే ఆ ముసలాయన వెళ్లడు. జోనస్ వెళ్లిపోయాక అతడికి అందిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడితే ఊరివాళ్లు తట్టుకోలేరని, వాళ్లను ఓదార్చడానికి ఆగిపోతాడు. అబద్ధాల మీద బతికిన ఆ మనుషుల కోసమే. ఆ పుటల దగ్గర నేను చాలాసేపు ఆగాను.

చివరి అధ్యాయం వచ్చే శనివారం. జోనస్ బతికాడా లేదా ముందే చెప్పమని పిల్లలు పట్టుబడుతున్నారు. ఆ విషయం ఈ పుస్తకం తేల్చదని కూడా వాళ్లకు ఇంకా చెప్పలేదు.