పదవికి ముందు ఏ అనుభవం ఉండాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్తగా ఎన్నికైన సభ్యులకు బడ్జెట్ పుస్తకం ఎలా చదవాలో, పద్దుల మీద ప్రశ్న ఎలా వేయాలో నేర్పించడం నా పని. డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు, బడి ముఖం సరిగా చూడనివాళ్లు, అందరికీ నేర్పాను. నాకు తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: పెద్ద చదువు ఉంటే చాలు.

వాస్తవం: కామరాజ్ చిన్నతనంలోనే బడి మానేశారు. 1954 నుంచి 1963 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి ఊళ్లలో బడులు తెరిపించారు, పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. అంతకుముందు ఏళ్ల తరబడి పార్టీ పని మీద ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. జర్మనీ ఛాన్సలర్‌గా చేసిన ఏంజెలా మెర్కెల్‌కి సైన్సులో డాక్టరేట్ ఉంది. అయినా ల్యాబ్ నుంచి నేరుగా ఆ కుర్చీ ఎక్కలేదు. 1991లో మంత్రి అయ్యారు, తర్వాత ప్రతిపక్షంలో కూర్చున్నారు, 2005లో గానీ ఛాన్సలర్ కాలేదు.

అపోహ: కంపెనీ నడిపినవాడు ప్రభుత్వాన్నీ నడిపేస్తాడు.

వాస్తవం: లాభం రాని కస్టమర్‌ని కంపెనీ వదిలేసుకోవచ్చు. ప్రభుత్వానికి ఆ వీలు లేదు. ఆఖరి ఇంటికీ నీళ్లు వెళ్లాల్సిందే. పైగా యజమాని ఒక మాట అంటే ఆఫీసులో పని జరిగిపోతుంది. సభలో ఒక్కొక్కరినీ ఒప్పించుకోవాలి. హెర్బర్ట్ హూవర్ గనుల ఇంజినీరుగా బాగా గడించారు, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం ప్రజలకు తిండి అందించి పేరు తెచ్చుకున్నారు. అమెరికా అధ్యక్షుడయ్యాక మహా మాంద్యం వచ్చిపడింది, 1932లో చిత్తుగా ఓడిపోయారు. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ నడిపిన దుస్తుల దుకాణం మూతపడింది. డిగ్రీ కూడా లేదు. కానీ దివాలా ప్రకటించకుండా ఏళ్ల తరబడి అప్పు తీర్చుకుంటూ వచ్చారు. సెనేటర్ అయ్యాక, 1941లో రక్షణ కాంట్రాక్టుల్లో దుబారాను పట్టుకోవడానికి వేసిన కమిటీని నడిపింది ఆయనే. అప్పు బరువు తెలిసినవాళ్లు ఖర్చు బిల్లును వేరేగా చూస్తారని నా నమ్మకం.

అపోహ: ఎన్ని పదవులు చేస్తే అంత మంచిది.

వాస్తవం: ఎంపీగా, రాయబారిగా, విదేశాంగ మంత్రిగా చేసి అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ బుకానన్ దేశం చీలిపోతుంటే ఆపలేకపోయారు. ఆయన తర్వాత వచ్చిన లింకన్‌కి జాతీయ చట్టసభలో ఉన్న అనుభవం రెండేళ్లే.

అపోహ: అధికారులున్నారుగా, అన్నీ వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. ఒకసారి శిక్షణకు వచ్చినవాళ్లలో నర్సుగా చేసిన ఒకావిడ ఉన్నారు. మందుల పద్దు దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. "సగానికి పైగా డబ్బు ఆఖరి నెలలోనే ఖర్చయింది. మిగతా పదకొండు నెలలు మందుల్లేవని రోగులకు చెప్పింది నేనేనండీ" అన్నారు. ఏడాది ముగిస్తే నిధులు మురిగిపోతాయి కాబట్టి చివర్లో హడావుడిగా కొంటారు. బిల్లులు ఆలస్యమయ్యాయని అక్కడున్న అధికారి సర్దిచెప్పబోయారు. "ఏ టేబుల్ దగ్గర ఆగాయి?" అని ఆవిడ అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు. ఆ పద్దును అంతకుముందు చాలామంది చూశారు, నేనూ చూశాను. మొత్తం సరిపోయిందా లేదా అనే చూశాం.

మర్నాడు ఆవిడ ఒక కాగితం తెచ్చారు. మందులు మూడు నెలలకోసారి కొనాలి, ఏ బిల్లు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో సభకు చెప్పాలి అని పెన్సిల్‌తో రాసుంది. దాన్ని తీర్మానంగా ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని చూశాం.