బట్టతల మందులు ఎక్కడి నుంచి వచ్చాయంటే

బట్టతల తాతల నుంచి వస్తుందని మనిళ్లలో ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు, కానీ దానికి హార్మోన్‌తో లింక్ ఉందని గట్టిగా చూపించింది 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్. చిన్నప్పుడే వృషణాలు పోయిన మగవాళ్లకి బట్టతల రాలేదు, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇస్తే మాత్రం వంశంలో బట్టతల ఉన్నవాళ్లకి జుట్టు ఊడటం మొదలైంది. అంటే హార్మోనూ ఉండాలి, వంశమూ కలవాలి.

ఇంత తెలిసినా పనిచేసే మందు రావడానికి ఇంకో 46 ఏళ్లు పట్టింది, అదీ జుట్టు కోసం వెతికితే దొరికింది కాదు. అప్‌జాన్ కంపెనీ మినాక్సిడిల్‌ని మొండి బీపీకి మాత్రగా 1979లో మార్కెట్‌లోకి తెచ్చింది, అంతకు ముందు ట్రయల్స్‌లోనే వేసుకున్నవాళ్లకి మొహం మీద, చేతుల మీద వెంట్రుకలు రావడం మొదలైంది, ఆడవాళ్ల అవస్థ ఇక చెప్పక్కర్లేదు. గుంటర్ కాన్ అనే స్కిన్ డాక్టర్ దీన్ని తలకి రాసి చూశాడు, పేటెంట్ ఎవరిదని కంపెనీతో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. 1988లో అమెరికాలో మగవాళ్లకి 2 శాతం లోషన్‌కి పర్మిషన్ వచ్చింది, ఆడవాళ్లకి 1991లో. మన మెడికల్ షాపుల్లో దొరికే డాక్టర్ రెడ్డీస్ వాళ్ల మింటాప్ కూడా ఇదే మందు.

రెండో మందు కథ ఇంకా వింత. డొమినికన్ రిపబ్లిక్‌లో కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా ఉండి, ఈడొచ్చాక మగవాళ్లలా మారేవాళ్లు. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీగా (జుట్టు కుదుళ్లని కుంచించే ఇంకో మగ హార్మోన్) మార్చే ఎంజైమ్ వాళ్లలో సరిగ్గా లేదని జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ టీమ్ 1974లో రాసింది. వీళ్లకి పెద్దయ్యాక ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగలేదు, బట్టతలా రాలేదు. మెర్క్ కంపెనీ ఆ ఎంజైమ్‌ని ఆపే ఫినాస్టిరైడ్ చేసి 1992లో 5 మిల్లీగ్రాములు ప్రోస్టేట్ వాపుకి, 1997లో 1 మిల్లీగ్రాము బట్టతలకి అమ్మింది. కొందరికి సెక్స్ మీద ఆసక్తి తగ్గడం లాంటి ఇబ్బందులు ఉంటాయి, అది ముందే తెలుసుకుని వాడాలి.

ఇక్కడా ఆడవాళ్లు వెనకే. కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం కాబట్టి పిల్లల్ని కనే వయసువాళ్లకి ఫినాస్టిరైడ్ మామూలుగా ఇవ్వరు, మెనోపాజ్ దాటినవాళ్లలో 1 మిల్లీగ్రాము ట్రయల్ చేస్తే అది పనిచేయలేదు. అందుకే వాళ్లకి డాక్టర్లు స్పైరోనోలాక్టోన్ రాస్తుంటారు, చూస్తే అదీ బీపీకి వాడే మందే, గర్భం వచ్చే అవకాశం ఉంటే దానికీ జాగ్రత్త కావాలి. ఈ మధ్య మినాక్సిడిల్ మాత్ర మళ్లీ వాడకంలోకి వచ్చింది, బీపీకి రోజుకి 10 నుంచి 40 మిల్లీగ్రాములు ఇచ్చేవాళ్లు, జుట్టుకి 5 లోపే ఇస్తారు, ఆడవాళ్లకి ఇంకా తక్కువ, కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు.